ముప్పై దాటాక ఎదురయ్యే ప్రశ్న: బెంగళూరు తెలుగు ఉద్యోగులకు దిశ తప్పినట్టు ఎందుకనిపిస్తోంది?

సంక్షిప్తంగా: జీతానికి లోటు లేకపోయినా చేస్తున్న పనికి అర్థం కనిపించడం లేదన్న మాట బెంగళూరులోని తెలుగు ఉద్యోగుల్లో, ముఖ్యంగా ముప్పై నుంచి నలభై ఏళ్ల మధ్యవారిలో తరచుగా వినిపిస్తోంది. దీన్ని సోమరితనం కిందో, సొంత ఆసక్తిని కనిపెట్టలేని అసమర్థత కిందో జమకట్టడం సులభమే గానీ సరికాదు. తర్వాతి మెట్టు ఏదో ఎప్పుడూ బయటివారే చెప్పిన చదువుల పద్ధతి, ఫలితాన్ని కంటికి ఆననీయని పని విభజన, నిర్ణయానికి చోటు మిగల్చని గృహరుణం దీని వెనుక ఉన్నాయి. ఎవరి విషయంలో ఏది బలంగా పనిచేస్తోందన్నదాన్ని బట్టి మార్గం మారుతుంది.

ఇప్పుడే ఎందుకు?

ఈ ప్రశ్న కొత్తది కాదు. నాలుగైదేళ్ల క్రితం వరకు దాన్ని పైకి రానీయని పరిస్థితులుండేవి. 2021–22లో ఐటీ ఉద్యోగులు కంపెనీలు మారిన వేగం అసాధారణమైనది. 2022 మార్చితో ముగిసిన పన్నెండు నెలల్లో ఇన్ఫోసిస్‌లో ఉద్యోగం మానేసి వెళ్లినవారి రేటు 27.7 శాతానికి చేరింది. కంపెనీ మారిన ప్రతిసారీ భారీ హైక్ అడగడం మామూలైపోయిన ఆ రోజుల్లో ఎటు వెళ్తున్నామన్న సందేహానికి తర్వాతి ఆఫర్ లెటరే సమాధానంగా చెల్లుబాటయ్యింది. కదులుతున్నంతసేపు ముందుకే పోతున్నట్టు అనిపించడం సహజం.

రెండేళ్లు తిరిగేసరికి పరిస్థితి తారుమారైంది. 2023–24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్ సిబ్బంది సంఖ్య 13,249, ఇన్ఫోసిస్ సిబ్బంది సంఖ్య 25,994 తగ్గాయి. 2025 జులైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో సుమారు 2 శాతం మందిని, అంటే దాదాపు 12 వేల మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించింది. అందులో ఎక్కువ భాగం మధ్య, పై స్థాయులవారే. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్‌–1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించడంతో, తెలుగు ఇళ్లలో ఇరవయ్యేళ్లుగా తర్వాతి మజిలీగా భావిస్తూ వచ్చిన ఆన్‌సైట్, అంటే విదేశంలో క్లయింటు దగ్గర పనిచేసే అవకాశం కూడా చాలామందికి అందకుండా పోయింది. హైక్, స్విచ్, ఆన్‌సైట్ అనే మూడు మాటల చుట్టూ అల్లుకున్న భవిష్యత్తు ఒకేసారి సన్నబడింది.

మధ్యలో పని గంటల వివాదం ఒకటి వచ్చిపోయింది. వారానికి 70 గంటలు పనిచేయాలని 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకులు నారాయణమూర్తి అన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ నోట ఆ అంకె 90కి పెరిగింది. ఎన్ని గంటలన్నదానిపై రెండు పక్షాలూ హోరాహోరీగా వాదించుకున్నాయి. ఆ గంటలు దేనికోసమన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పట్టాల మీద సాగిన ప్రయాణం

జులై, ఆగస్టుల్లో ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ మొదలైనప్పుడు ఆంధ్ర, తెలంగాణల్లోని ఏ ఇంట్లో చూసినా ఇంచుమించు ఒకే దృశ్యం కనిపిస్తుంది. తండ్రి చేతిలో నిరుటి కటాఫ్ ర్యాంకుల ప్రింటవుట్ ఉంటుంది. కాలేజీ కోడ్‌ల పక్కన పెన్నుతో టిక్కులు, ఇంటి నుంచి దూరం, హోర్డింగ్ మీద చూసిన ప్యాకేజీ అంకె ఉంటాయి. బెంగళూరులో పనిచేసే బాబాయో మేనమామో ఫోన్‌లో స్పీకర్ మీద ఉంటాడు. ఏ కాలేజీ అయినా ఫరవాలేదు, సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) మాత్రం వదలొద్దన్నది ఆయన తీర్పు. వెబ్ ఆప్షన్లు పెట్టే ఆ గంటసేపు విద్యార్థి పాత్ర చాలా ఇళ్లలో ఓటీపీ చదివి చెప్పడంతో సరిపోతుంది.

ఈ పద్ధతిని ఎగతాళి చేయడం తేలిక. అయితే అది చేసిన మేలు తక్కువది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక, ఇంజనీరింగ్ కాలేజీల సంఖ్య ఏడు వందల దరిదాపులకు పెరిగాక, ఇంట్లో అంతకుముందు డిగ్రీ గడప తొక్కనివారి పిల్లలు కూడా నెలజీతాల ప్రపంచంలోకి రాగలిగారు. వానను నమ్ముకున్న సేద్యం నుంచి ఒక్క తరంలో బయటపడటానికి అంతకన్నా నమ్మకమైన దారి అప్పట్లో చాలా కుటుంబాలకు కనిపించలేదు. కాబట్టి తల్లిదండ్రుల ఎంపిక తప్పని చెప్పడానికి లేదు. చిక్కంతా ఆ ఎంపిక ఎవరి చేతుల మీదుగా జరిగిందన్నదే.

పదో తరగతి తర్వాత ఎంపీసీనా బైపీసీనా, రెసిడెన్షియల్ కాలేజీలో ఏ సెక్షన్, వచ్చిన ర్యాంకుకు ఏ బ్రాంచి, క్యాంపస్‌కు మొదట వచ్చిన కంపెనీ ఏది, ఆ కంపెనీ శిక్షణ ముగిశాక బ్యాచ్ అవసరాన్ని బట్టి చేతిలో పెట్టిన టెక్నాలజీ ఏది — వీటిలో ఏ మలుపు దగ్గరా ఆ యువకుడో యువతో కూర్చుని రెండు దారులను పోల్చి, ఒకటి వదులుకుని మరొకటి పట్టుకున్న అనుభవం లేదు. మనస్తత్వవేత్త జేమ్స్ మార్సియా 1966లోనే యువత తమ గుర్తింపును ఏర్పరచుకునే తీరును నాలుగు స్థితులుగా వివరించారు. వాటిలో ఒకటి, వెతుకులాట లేకుండానే ఒక దారికి కట్టుబడిపోవడం. ఈ స్థితిలో ఉన్నవారు పైకి స్థిరంగానే కనిపిస్తారు, ఆ దారి సాగినంతకాలం ఇబ్బందీ ఉండదు. అది ఆగిపోయినప్పుడు, పదిహేడేళ్లకు జరగాల్సిన వెతుకులాట ముప్పై మూడేళ్లకు, భార్యాపిల్లలూ బాధ్యతలూ ఉన్న వయసులో మొదలవుతుంది.

పట్టాలు ఉన్నంతవరకు రైలుకు స్టీరింగ్ అక్కర్లేదు. టీమ్ లీడ్, సొంత ఫ్లాట్, పిల్లల స్కూల్ అడ్మిషన్ అనే స్టేషన్లు దాటాక పట్టాలు ఆగిపోతాయి. అక్కడి నుంచి దారి చెప్పే ప్రింటవుట్ ఎవరి దగ్గరా లేదు.

ముందు తరంతో పోలిక ఇక్కడ ఉపయోగపడుతుంది. బ్యాంకు గుమాస్తాగానో, ఆర్టీసీ కండక్టరుగానో, పంచాయతీరాజ్ ఉపాధ్యాయుడిగానో ముప్పై ఐదేళ్లు చేసి దిగిపోయినవారు ఆ ఉద్యోగం తమ జీవితానికి అర్థమిస్తుందని ఆశించలేదు. చెల్లెళ్ల పెళ్లిళ్లు, తమ్ముడి చదువు, ఊరి గుడి, కులపెద్దరికం, పొలం గట్టు తగాదాలు ఆ చోటును నింపేవి. అందులో బరువూ ఉండేది, వేధింపూ ఉండేది. అయినా తాము లేకపోతే ఆగిపోయే పనులు ఏవో వారికి తెలుసు. మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో స్థిరపడ్డవారికి ఆ అల్లిక పలచబడింది. శుక్రవారం రాత్రి మడివాళ దగ్గర బస్సెక్కి సోమవారం తెల్లవారుజామున సిల్క్ బోర్డు దగ్గర దిగేవారు ఊరికి చుట్టపుచూపుగానే వెళ్తున్నారు. ఒకప్పుడు బంధుత్వం మోసిన భారాన్ని కూడా ఉద్యోగమే మోయాలన్న ఆశ పెరిగిందే తప్ప, మోయగల శక్తి ఉద్యోగానికి పెరగలేదు.

పని చేతిలో, ఫలితం కనుచూపుకు ఆవల

రెండో కారణం పని నిర్మాణంలోనే ఉంది. 1970లలో రిచర్డ్ హ్యాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ అనే అమెరికన్ పరిశోధకులు ఒక పని అర్థవంతంగా అనిపించడానికి ఆ పనిలోనే ఉండాల్సిన లక్షణాలను వివరించారు: పలు నైపుణ్యాలు వాడే అవకాశం, మొదలు నుంచి చివరి వరకు ఒక పూర్తి వస్తువును చేతుల మీదుగా నడిపించడం, అది ఇతరుల జీవితాల మీద చూపే ప్రభావం. వీటికి స్వేచ్ఛ, ఎలా చేశామో తెలిసే వీలు తోడవ్వాలన్నారు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగంలో ఎక్కువగా దెబ్బతినేవి రెండోది, మూడోది.

ఉదాహరణకు అమెరికాలోని ఒక ఆరోగ్య బీమా సంస్థ క్లెయిమ్ దరఖాస్తు పేజీని తీసుకుందాం. అందులో ఒక డ్రాప్‌డౌన్‌లో రాష్ట్రం ఎంచుకుంటే జిల్లాల జాబితా సరిగా రావడం లేదని టికెట్, అంటే ఫిర్యాదు వస్తుంది. బెల్లందూరులోని టెస్టర్ దాన్ని నమోదు చేస్తే, డెవలపర్ సరిచేస్తాడు, మరొకరు సమీక్షిస్తారు, రెండు వారాల తర్వాత రిలీజ్‌లో వెళ్తుంది. దానివల్ల ఒహాయోలో ఎవరో ఒక రోగికి డబ్బు పదిరోజులు ముందుగా అంది ఉండవచ్చు. ఆ సంగతి బెల్లందూరుకు ఎన్నడూ చేరదు. చేరేది టికెట్ మూసిన తేదీ, క్లయింటుకు ఒప్పుకున్న గడువును కొలిచే ఎస్‌ఎల్‌ఏ అంకె, సంవత్సరాంతంలో ఉద్యోగులను ఒకరితో ఒకరిని పోల్చి శ్రేణులుగా విడదీసే బెల్ కర్వ్‌లో వచ్చిన రేటింగ్. పనికిమాలిన పని చేస్తున్నామన్న భావన ఇలాంటి చోట పుడుతుంది. నిజానికి ఆ పని ఎవరికో పనికొచ్చేదే.

ఫలితం కనబడటం ఎంత తేడా తెస్తుందో చెప్పే ప్రయోగం ఒకటి 2007లో వెలువడింది. అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయం కోసం ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగుల్లో కొందరిని, ఆ విరాళాలతో స్కాలర్‌షిప్ పొందిన విద్యార్థి ఒకరితో కొద్ది నిమిషాలు మాట్లాడించారు. నెల తర్వాత చూస్తే వారు ఫోన్‌లో గడిపే సమయమూ, తెచ్చిన విరాళమూ రెండింతలు దాటాయి. విద్యార్థిని కలవని బృందాల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. పరిశోధకుడు ఆడమ్ గ్రాంట్ జీతం పెంచలేదు, పని మార్చలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. ఏటా హోటల్ బాంక్వెట్ హాల్లో విజన్ స్టేట్‌మెంట్ చదివి వినిపించే కంపెనీలు దీన్ని గమనించాలి.

విదేశీ సంస్థలు సొంతంగా నడిపే గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు ఈ లోటును కొంత పూడుస్తున్నాయి. 2024 నాటికి దేశంలో ఇవి 1,700 దాటాయి, అత్యధికం బెంగళూరులోనే ఉన్నాయి. ఇక్కడి ఉద్యోగి క్లయింటు మనిషి కాదు, ఆ సంస్థ మనిషే. వస్తువు వాడేవారికి ఒక అడుగు దగ్గరగా ఉంటాడు. ఏం తయారు చేయాలన్న నిర్ణయం మాత్రం చాలాచోట్ల ఇంకా ప్రధాన కార్యాలయంలోనే జరుగుతోంది.

అయితే ఫలితం కళ్లెదుట ఉండటమొక్కటే చాలదు. ఆంధ్రా మెస్‌లో వంటమాస్టరుకు తన పని ఫలితం పావుగంటలో తెలిసిపోతుంది. గోంగూర పప్పు రెండోసారి అడిగించుకున్నారా, విస్తరిలో వదిలేశారా అన్నది కిటికీలోంచే కనబడుతుంది. పన్నెండు గంటలు పొయ్యి దగ్గర నిలబడే మనిషికి సెలవు మీద, జీతం మీద, ఏ రోజు ఏం వండాలన్నదాని మీద మాట చెల్లకపోతే ఆ తృప్తి ఎక్కువకాలం నిలవదు. ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ దశాబ్దాలపాటు అభివృద్ధి చేసిన సిద్ధాంతం చెప్పేదీ ఇదే. సొంత నిర్ణయం, చేయి తిరిగినతనం, మనుషులతో అనుబంధం అనే మూడు అవసరాల్లో ఒకటి ఎండిపోతే మిగతావి ఎంత ఉన్నా పూర్తిగా భర్తీ చేయలేవు.

నాలుగు వృత్తాల బొమ్మ

సలహాల మార్కెట్ ఈ వెలితికి చూపే మందు ఆసక్తి. ఇష్టమైనది, నైపుణ్యమున్నది, లోకానికి అవసరమైనది, డబ్బు తెచ్చేది అనే నాలుగు వృత్తాలు కలిసే చోట జీవిత లక్ష్యం ఉంటుందని చెప్పే బొమ్మ వాట్సాప్ గ్రూపుల నుంచి హెచ్‌ఆర్ శిక్షణల దాకా తిరుగుతోంది. జపాన్‌లోని ప్రాచీన ఇకిగాయ్ జ్ఞానమని దానికింద రాస్తారు. ఇకిగాయ్ భావన జపాన్‌దే, బొమ్మ కాదు. లక్ష్యం గురించి స్పానిష్‌లో అంతకుముందే ఉన్న నాలుగు వృత్తాల చిత్రం నడుమ 2014లో మార్క్ విన్ అనే బ్లాగర్ ఇకిగాయ్ అన్న పేరు చేర్చారు, అది ప్రపంచమంతా పాకింది. జపాన్‌వారి వాడుకలో పొద్దున్నే మొక్కలకు నీళ్లు పోయడం, మనవరాలి రాక వంటివి కూడా ఇకిగాయే కావచ్చు. వాటికి జీతం రావాలన్న షరతేమీ లేదు.

పుట్టుక సంగతి అలా ఉంచితే, అసలు ఇబ్బంది మరోటి. లోపల ఎక్కడో సిద్ధంగా ఉన్న ఆసక్తిని తవ్వి తీయాలన్న నమ్మకమే మనిషిని త్వరగా నిరాశపరుస్తుందని 2018లో పాల్ ఓకీఫ్, కరొల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ ప్రచురించిన పరిశోధన సూచించింది. కృష్ణబిలాల గురించి ఆకట్టుకునే వీడియో చూసి ఉత్సాహపడ్డ విద్యార్థులకు, అదే విషయంపై కఠినమైన శాస్త్రవ్యాసం ఇచ్చి చదవమన్నారు. ఆసక్తి పుట్టుకతో ఉండేదేనని నమ్మినవారి ఉత్సాహం, దాన్ని పెంచుకోవచ్చని నమ్మినవారితో పోలిస్తే ఎక్కువగా పడిపోయింది. ఫొటోగ్రఫీ, బేకింగ్, స్టాక్ ట్రేడింగ్, ఇప్పుడు డేటా సైన్స్ అంటూ ఆరేసి నెలలకు ఒకదాన్ని పట్టుకుని, కష్టం మొదలైన చోట ఇది నాది కాదనుకుని వదిలేసే తీరుకు ఇక్కడ వివరణ దొరుకుతుంది.

పని మాత్రమే అర్థమివ్వాలా?

1997లో ఏమీ రెజ్నీవ్‌స్కీ బృందం 196 మంది ఉద్యోగులను అడిగి, పనిని చూసే తీరు మూడు రకాలుగా ఉంటుందని చూపింది. కొందరికి అది జీవనోపాధి, కొందరికి ఎదుగుదల, మరికొందరికి జీవితకార్యం. ఆశ్చర్యం కలిగించేది ఏమిటంటే, దాదాపు ఒకే రకమైన పని చేసే 24 మంది కార్యాలయ సహాయకుల్లోనూ ఈ మూడు రకాలవారు ఇంచుమించు సమానంగా ఉన్నారు. హోదా ఒక్కటే దీన్ని నిర్ణయించదన్నమాట.

దీన్ని చదివినవారు జీవితకార్యమే ఉత్తమమని, ఉపాధిగా చూడటం ఓటమని అనుకునే ప్రమాదముంది. అనంతపురం జిల్లా నుంచి వచ్చి సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంట్లలో సెంట్రింగ్ పనిచేసే మనిషి, కూతురి నర్సింగ్ చదువు ఫీజు కోసం పనిచేస్తున్నానని చెబితే అందులో దిశ లోపించిందని ఎవరూ అనలేరు. లక్ష్యం పని బయట ఉంది, అంతే. లక్షన్నర జీతగాడు సైతం ఇలా ఉండవచ్చు: ఉద్యోగాన్ని నిజాయితీగా ఆరింటికి ముగించి, మిగిలిన బుద్ధినీ సమయాన్నీ సంగీతానికో, ఊరి చెరువు పూడికతీతకో, పిల్లలకో ఇవ్వవచ్చు. ఇది తక్కువరకం ఎంపిక అన్న భావన కెరీర్ సలహాదారులు పెంచినదే. కాకపోతే ఆరింటికి నిజంగా ముగియడం, అమెరికా సమయానికి రాత్రి కాల్స్ పెట్టే ప్రాజెక్టుల్లో అంత తేలిక కాదు.

ఈఎంఐ మిగిల్చే జాగా

సొంత నిర్ణయం గురించి ఎంత చెప్పుకున్నా దానికి ఒక ఆర్థిక హద్దు ఉంటుంది. 80 లక్షల గృహరుణం, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే నెలకు వాయిదా సుమారు 69,400 రూపాయలు. ఐదేళ్లు ఒక్క నెల తప్పకుండా కడితే చెల్లించిన మొత్తం 41 లక్షల 60 వేలు దాటుతుంది. అసలు తగ్గేది తొమ్మిదిన్నర లక్షలే. మిగిలినదంతా వడ్డీ. ముప్పై ఏళ్లకు ఫ్లాటు కొన్న మనిషికి ముప్పై అయిదేళ్లకు ఇంకా డెబ్బై లక్షల పైచిలుకు అప్పు ఉంటుంది. దిశ మార్చుకోవాలన్న ఆలోచన గట్టిగా వచ్చే వయసు సరిగ్గా అదే.

దీనికి మూడు నెలల నోటీస్ పీరియడ్ తోడవుతుంది. మానేశాక తీరిగ్గా ఆలోచించుకునే వీలుండదు. చేతిలో ఆఫర్ ఉంటేనే రాజీనామా, ఆఫర్ రావాలంటే ఇప్పటి అనుభవానికి దగ్గరి పనే. ఆ విధంగా ప్రతి స్విచ్ మనిషిని పాత గాడిలోకే మరింత లోతుగా నెడుతుంది. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇళ్లలో ఒకరి జీతంతో వాయిదా గడిచేలా అప్పు చేసినవారికి మాత్రమే మరొకరికి ఏడాది విరామమిచ్చే స్వేచ్ఛ మిగులుతోంది.

ఏది లోపించిందో తెలిస్తే

పైన చెప్పిన కారణాలు వేర్వేరు కాబట్టి అందరికీ ఉద్యోగం వదిలేయడమే మందని చెప్పడం పొరపాటు. ఫలితం కనబడకపోవడమే సమస్య అయినవారికి అదే కంపెనీలో కస్టమర్‌తో నేరుగా మాట్లాడే బృందానికి మారడం, ఉత్పత్తి వాడేవారి ఫిర్యాదుల కాల్స్ వినడం వంటివే పనిచేయవచ్చు. ఆసుపత్రి పారిశుద్ధ్య సిబ్బందిలో కొందరు రోగుల కోలుకోవడంలో తమకూ పాత్ర ఉందని భావించి పని హద్దులను తామే విస్తరించుకున్న తీరును రెజ్నీవ్‌స్కీ, జేన్ డటన్ 2001లో వివరించారు. చెప్పిన పని చెప్పినట్టు చేయడం తప్ప ఏమీ మిగలనివ్వని మేనేజర్ కింద ఇది సాగదు; అక్కడ మారాల్సింది పని కాదు, మేనేజర్.

ఎన్నడూ ఎంచుకోకపోవడమే సమస్య అయినవారికి కావాల్సింది చిన్న ప్రయోగాలు. అమెరికాలో ఉద్యోగం చేస్తూనే వ్యాపారం మొదలుపెట్టి, నిలదొక్కుకున్నాక ఉద్యోగం మానినవారి సంస్థలు మూతపడే ముప్పు, ఒకేసారి దూకినవారికంటే మూడోవంతు తక్కువని 2014లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. మన దగ్గర దీనికి అడ్డంకి నియామక ఒప్పందమే. రెండో పని చేస్తున్నారంటూ 2022 సెప్టెంబరులో విప్రో 300 మందిని తొలగించింది. ఆదాయం లేని ప్రయోగాలకు అంత ఇబ్బంది ఉండదు. శని, ఆదివారాల్లో పాఠం చెప్పి చూడటం, ఊళ్లో రెండెకరాలు కౌలుకిచ్చే బదులు ఒక పంటకాలం ఖర్చు, రాబడి, నీళ్లు, కూలీలు స్వయంగా చూసుకోవడం వంటివి ఊహకూ వాస్తవానికీ మధ్య దూరాన్ని తొందరగా బయటపెడతాయి.

సివిల్స్ వైపు చూసేవారి సంగతి వేరు. ఏటా సుమారు పది లక్షల మంది దరఖాస్తు చేస్తే ఎంపికయ్యేది వెయ్యి మంది. ఇది కూడా సిలబస్, ర్యాంకు, హోదా ముందే సిద్ధంగా ఉన్న మరో పట్టాల మార్గమే. సేవ చేయాలన్న కోరికతో వెళ్లేవారున్నారు; తెలిసిన ఆటలోకే తిరిగి వెళ్లే సుఖం కోసం వెళ్లేవారూ తక్కువ కాదు.

ఎటూ తేల్చుకోలేకపోతున్నవారికి పనికొచ్చే ఆధారం ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్ అధ్యయనంలో ఉంది. పెద్ద నిర్ణయం ముందు ఊగిసలాడేవారి చేత ఆన్‌లైన్‌లో నాణెం ఎగరవేయించారు. 20 వేలకు పైగా నాణేలు ఎగిరాయి. ఆరు నెలల తర్వాత, మార్పు వైపు అడుగేసినవారు యథాస్థితిలో ఉన్నవారికంటే సంతోషంగా కనిపించారు. వీరంతా అప్పటికే త్రాసు సమానంగా తూగిన స్థితిలో ఉన్నవారని మరవకూడదు. నిలకడగా ఉన్నవారికి ఇది వర్తించదు.

మరో తేడాను గుర్తించడం ఇంకా ముఖ్యం. పని మీదే కాకుండా తిండి, నిద్ర, స్నేహితులు, ఒకప్పుడు ఇష్టపడ్డ ప్రతిదాని మీద రెండు వారాలకు పైగా ఆసక్తి పోతే, అది దిశ సమస్య కాకపోవచ్చు, కుంగుబాటు కావచ్చు. దానికి కెరీర్ కౌన్సెలింగ్ కాదు, వైద్యం కావాలి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ కీలక కేంద్రంగా 2022 అక్టోబరులో మొదలైన ఫోన్ కౌన్సెలింగ్ సేవ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనూ అందుతోంది.

ముందున్న పరిస్థితి

కృత్రిమ మేధ ఉపకరణాలు మొదట అందిపుచ్చుకుంటున్నది టెస్టింగ్, చిన్న కోడింగ్ మార్పులు, టికెట్ల పరిష్కారం వంటి ముక్కలైన పనులనే. మిగిలే పనిలో తీర్పు, వాడేవారి అవసరం అర్థం చేసుకోవడం, పూర్తి బాధ్యత పెరిగితే, పని అర్థవంతంగా అనిపించే అవకాశం పెరుగుతుంది. యంత్రం రాసినదాన్ని తనిఖీ చేసే కాపలా పనే మిగిలితే వెలితి ఇంకా ముదురుతుంది. కంపెనీలు పనిని ఎలా మలుస్తాయన్నదాన్ని బట్టి రెండూ సాధ్యమే. పనిచేసే మనుషుల సంఖ్యను బట్టి క్లయింటుకు బిల్లు వేసే సర్వీసు సంస్థల్లో రెండోదే ఎక్కువగా కనిపించవచ్చు.

చదువుల వైపు మాత్రం పాత పద్ధతి బలపడుతోంది. ఒక బ్రాంచిలో ఇన్ని సీట్లకు మించరాదన్న పరిమితిని 2024–25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే జాతీయ మండలి ఏఐసీటీఈ ఎత్తివేసింది. తెలుగు రాష్ట్రాల ప్రైవేటు కాలేజీలు ఆ వెసులుబాటును వాడుకోవడానికి పోటీపడింది సీఎస్‌ఈ, దాని అనుబంధ కోర్సుల్లోనే. ఆ ఏడాది చేరినవారు 2028లో డిగ్రీ పూర్తిచేస్తారు. అప్పటికి బెంగళూరులో ఫ్రెషర్లకు తలుపులు ఎంత తెరుచుకుని ఉంటాయన్నదాన్ని బట్టి, ఇప్పుడు ముప్పై దాటాక ఎదురవుతున్న ప్రశ్న వారిలో కొందరికి ఇరవై రెండేళ్లకే, మొదటి జీతం అందకముందే ఎదురుకావచ్చు.